పాత కారును కరెంటు కారుగా మార్చేవారికి: ఏ కారు భాగాలు తెచ్చుకోవాలి?

పాత కారులో ఇంజన్ తీసి మోటారు పెట్టుకోవాలని ఉబలాటపడేవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏ మోటారు కొనమంటారు?" జవాబు చెప్పే ముందు నేను మూడు ప్రశ్నలు వేస్తాను. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? మీ కారు బరువెంత? రాత్రిపూట చార్జింగ్‌కు ఇంట్లో ఎలాంటి సాకెట్ ఉంది? ఈ మూడూ తెలిస్తే బ్యాటరీ తేలుతుంది. బ్యాటరీ తేలితే వోల్టేజి తేలుతుంది. వోల్టేజి తేలాక మోటార్ల జాబితాలో సగం దానంతట అదే తొలగిపోతుంది. మోటారు ముందు కొని, దానికి తగిన బ్యాటరీ కోసం ఏడాది పొడవునా వెతికినవాళ్లను చూశాను. ఇంటికి పునాది తీయకముందే సింహద్వారం చెక్కించుకోవడం లాంటిది అది.

నేను ఆక్లండ్‌లో పనిచేసిన రోజుల్లో 1980ల నాటి టొయోటా కరోలా ఒకదాన్ని ఇలా మార్చాను. న్యూజిలాండ్‌కు జపాన్ నుంచి వాడిన నిస్సాన్ లీఫ్ విద్యుత్ కార్లు పెద్ద సంఖ్యలో దిగుతాయి, స్టీరింగ్ కూడా మనలాగే కుడివైపు. ప్రమాదంలో దెబ్బతిని, బీమా సంస్థలు వదిలేసుకున్నవి వేలంలో దొరుకుతాయి. మొదట నేను భాగాలన్నీ విడివిడిగా కొన్నాను. మోటారు ఒకచోట, బ్యాటరీ ఇంకొకచోట, చార్జర్ మరొకచోట. ఆరు నెలలు గడిచినా వాటికి పొత్తు కుదరలేదు. చివరికి వెనుక భాగం నలిగిన లీఫ్‌ను పూర్తిగా కొని, దాన్ని విప్పుతూ ఒక్కో తీగనూ గుర్తు పెట్టుకుంటూ మళ్లీ మొదలుపెట్టాక గానీ పని సాగలేదు. కింద నేను చెప్పే ఎంపికలు చాలావరకు ఆ రెండు ప్రయత్నాల మధ్య తేడా నుంచి పుట్టినవే.

మన రాష్ట్రాల్లో ఉన్నవారు ముందు ఇది చదవాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్నవారు రూపాయి ఖర్చు పెట్టకముందే చట్టం సంగతి తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అయితే బ్యాటరీతో సహా వేరే ఇంధనానికి మార్చుకునే దారిని అదే సెక్షన్ తెరిచి ఉంచింది. షరతు ఏమిటంటే, ఆమోదం పొందిన కిట్‌నే బిగించుకోవాలి. ఆ కిట్ ఏఐఎస్-123 ప్రమాణాన్ని అందుకోవాలి. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థల పరీక్షలో నెగ్గాలి. అనుమతి ఉన్నవారే బిగించాలి. ఆ తర్వాత ఆర్టీవో కార్యాలయంలో ఆర్సీ మీద ఇంధనం వివరం మార్పించుకోవాలి.

తుక్కులోంచి తెచ్చిన మోటారుతో, బ్యాటరీతో మీ షెడ్డులో మీరే తయారు చేసుకున్న కారుకు ఈ దారి వర్తించదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ పడవచ్చు. రోడ్డు మీద ఏదైనా జరిగితే బీమా సంస్థ చేతులెత్తేస్తే ఎదురయ్యే కష్టం ముందు ఆ జరిమానా ఏపాటిది!

కాబట్టి ఇక్కడ రోడ్డెక్కే కారు కావాలనుకునేవారికి నా సలహా సూటిగా చెబుతాను: ఆమోదిత కిట్ ఖరీదును, వాడిన టియాగో లేదా నెక్సాన్ విద్యుత్ కారు ఖరీదును పక్కపక్కన పెట్టి చూడండి. పాత కారు మీద ప్రత్యేకమైన ప్రేమ ఉంటే తప్ప రెండోదే మేలని నా అభిప్రాయం. హైదరాబాద్‌కు చెందిన ఈట్రియో సంస్థ కూడా పాత కార్లను మార్చే పనితో మొదలై, తర్వాత మూడు చక్రాల సరుకు బండ్ల వైపు మళ్లింది.

అలాగని పాత భాగాలతో చేసే పనికి ఇక్కడ చోటు లేదని కాదు. భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద మేత బస్తాలు మోసే జిప్సీ, సొంత మామిడి తోటలో కాయల బుట్టలు తిప్పే జీపు, ఇంజనీరింగ్ కళాశాల ఆవరణ దాటని ప్రయోగపు బండి, ఇవి ప్రజలు తిరిగే రోడ్డు మీదికి రావు. ఈ పనికి ఇవి చక్కగా నప్పుతాయి. బ్యాటరీ విషయంలో మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, పని అయిపోయిన బ్యాటరీ నమోదైన రీసైక్లింగ్ లేదా పునరుద్ధరణ సంస్థకే చేరాలి. వీధి చివరి పాత సామాను కొట్టుకు వేయకూడదు.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి వీలు ఎక్కువ. న్యూజిలాండ్‌లో ఇలాంటి మార్పులకు ఎల్‌వీవీ అనే ధ్రువీకరణ ఉంది. దాని తనిఖీదారును పని మొదలుపెట్టకముందే కలవాలి, చివర్లో కలిస్తే సగం పని విప్పవలసి వస్తుంది. ఇంగ్లండ్‌లో వాహన పత్రంలో ఇంధనం మార్పును వాహనాలను నమోదు చేసే సంస్థ డీవీఎల్‌ఏకు తెలపాలి. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి.

బ్యాటరీ: అసలు ఎంపిక ఇదే

బ్యాటరీ సామర్థ్యాన్ని కిలోవాట్ అవర్లలో చెబుతారు. మన కరెంటు బిల్లులో యూనిట్ అంటే అదే కాబట్టి నేను యూనిట్లనే అంటాను. తేలికపాటి కారును ఊళ్లో నెమ్మదిగా నడిపితే కిలోమీటరుకు 0.12 నుంచి 0.15 యూనిట్ దాకా ఖర్చవుతుంది. 15 యూనిట్లు వాడుకోగలిగితే సుమారు నూరు కిలోమీటర్లు. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగేవారికి అంతకన్నా పెద్ద బ్యాటరీ అనవసరమైన బరువు. ఈ లెక్క వేయకుండానే చాలామంది టెస్లా బ్యాటరీ కోసం వెంపర్లాడతారు.

నిస్సాన్ లీఫ్ తొలి తరం బ్యాటరీ 24 యూనిట్లది. అందులో 48 మాడ్యూళ్లు, అంటే సెల్‌ల కట్టలు, ఉంటాయి, ఒక్కోటి 3.8 కిలోలు. ఇనుప పెట్టెతో కలిపి మొత్తం బరువు 290 కిలోల దాకా వస్తుంది. పెట్టె తీసేసి మాడ్యూళ్లను మాత్రమే వాడుకుంటే 180 కిలోలకు కాస్త ఎక్కువ. ఒక్కో మాడ్యూలు చదునైన డబ్బాలా ఉంటుంది, ఒకదానిపై ఒకటి పేర్చి బోల్టులతో బిగించవచ్చు. డిక్కీలో కొన్ని, ముందు ఇంజన్ ఉండిన చోట కొన్ని సర్దుకోవడానికి ఇంత అనువైనది మరొకటి నేను చూడలేదు. దీని లోపం వేడి. ఈ బ్యాటరీకి నీటితో గానీ ఫ్యాన్‌తో గానీ చల్లబరిచే ఏర్పాటు లేదు. అమెరికాలో అరిజోనా ఎండలకు తొలి లీఫ్ బ్యాటరీలు త్వరగా నీరసించడం 2012 నాటికే బయటపడింది. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవారికి ఇది వేరే వివరించనక్కరలేదు. చల్లని దేశంలో లీఫ్ బ్యాటరీ నిశ్చింతగా తీసుకోండి. వేడి ప్రాంతంలో అయితే కారును నీడలో ఉంచే వీలు, పెట్టెలో గాలి ఆడే ఏర్పాటు ఉంటేనే తీసుకోండి.

వేడి ప్రాంతానికి నాకు ఎక్కువ నచ్చేది షెవర్లే వోల్ట్ కారు తొలి తరం బ్యాటరీ. 16 యూనిట్లది, 288 సెల్‌లు, సెల్‌ల మధ్య ద్రవం తిరిగే పలకలు ఉంటాయి. దీనిలో మరో మంచి గుణం ఉంది. 16 యూనిట్లలో పది యూనిట్లకు కొద్దిగా పైన మాత్రమే వాడుకునేలా కంపెనీ కట్టడి చేసింది. సెల్‌లను ఎప్పుడూ అంచుల దాకా నింపలేదు, అడుగంటా ఖాళీ చేయలేదు. అందువల్ల పదేళ్లు తిరిగిన వోల్ట్ బ్యాటరీలో కూడా సత్తువ బాగా మిగిలి ఉంటుంది. ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో ఉండే పెట్టెను యథాతథంగా ఏ పాత కారులోనూ పట్టించలేం, విడగొట్టాల్సిందే. నీటి గొట్టాలను మళ్లీ కలపడం ఓపిక అడిగే పని. ఆ ఓపిక ఉన్నవారికి ఇదే నా మొదటి ఎంపిక.

టెస్లా మోడల్ ఎస్‌లోని 85 యూనిట్ల బ్యాటరీలో 16 మాడ్యూళ్లు ఉంటాయి. ఒక్కో మాడ్యూలులో బొటనవేలంత సెల్‌లు 444, బరువు సుమారు 26 కిలోలు, సామర్థ్యం ఐదు యూనిట్లకు పైనే. బరువుకు తగ్గ శక్తిలో నేను ఇక్కడ చెప్పే బ్యాటరీలలో దీనిదే పైచేయి. చిక్కంతా వోల్టేజిలో ఉంది. ఒక్కో మాడ్యూలు ఇచ్చేది 22 వోల్టుల పైచిలుకు మాత్రమే. ఐదు మాడ్యూళ్లు కొంటే 26 యూనిట్లు చేతికి వస్తాయి, కానీ వోల్టేజి 110 దగ్గరే ఆగిపోతుంది. 360 వోల్టులకు తయారైన లీఫ్ మోటారుకు 110 వోల్టులిస్తే అది కదులుతుంది గానీ పరుగెత్తదు. మోటారు అందుకునే వేగం వోల్టేజితో ముడిపడి ఉంటుంది. పదహారు మాడ్యూళ్లూ పెడదామంటే నాలుగు వందల కిలోలు దాటుతుంది, పాత చిన్న కారు నడుము వంగిపోతుంది. అందుకే టెస్లా మాడ్యూళ్లు పెద్ద కార్లకు, ఎక్కువ దూరం పోయేవారికి మాత్రమే తగినవి.

మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు బ్యాటరీ 12 యూనిట్లది, 300 వోల్టులు. వోల్టేజి సరిపడా ఉండి, బరువు తక్కువ ఉండి, దూరం మాత్రం తక్కువ కావాలనుకునేవారికి మంచి బేరం. మన దేశంలో దొరికేవాటిలో మొదటి నెక్సాన్ విద్యుత్ కారు బ్యాటరీ 30.2 యూనిట్లది. అది ఇనుము, ఫాస్ఫేట్ రసాయనంతో తయారైన రకం, ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది. ఈ రసాయనం వేడిని బాగా తట్టుకుంటుంది, సులభంగా అంటుకోదు. తోటలో తిరిగే బండికి ఇంతకన్నా మేలైనది ఇక్కడ దొరకదు.

పాత రేవా, మహీంద్రా ఈ2ఓ కార్లవి 48 వోల్టుల ఏర్పాట్లు. డైరెక్ట్ కరెంటు 60 వోల్టులు దాటితేనే వాహన ప్రమాణాలు దాన్ని ప్రమాదకర వోల్టేజిగా లెక్కిస్తాయి కాబట్టి, నేర్చుకునే విద్యార్థులకు 48 వోల్టులు ఊరట. కానీ పది కిలోవాట్ల శక్తి కావాలంటే 48 వోల్టుల దగ్గర 208 ఆంపియర్లు పారాలి. 360 వోల్టుల దగ్గర 28 ఆంపియర్లు చాలు. అంటే చిటికెన వేలంత తీగతో పోయే పనికి బొటనవేలంత లావు రాగి కావాలి, వదులుగా ఉన్న ప్రతి బిగింపూ పొయ్యిలా కాలుతుంది. కళాశాల ప్రయోగానికి సరే, బరువు లాగే బండికి వద్దు.

మునిగిన కారు బ్యాటరీని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఎన్ని వాహనాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో మనం చూశాం. అలాంటి విపత్తుల తర్వాత మునిగిన కార్లు కడిగి, తుడిచి, ఊర్లు దాటించి అమ్మకానికి వస్తాయి. పెట్రోలు కారైతే ఇంజన్ పాడవుతుంది, అంతే. కరెంటు కారు బ్యాటరీలోకి నీరు దిగితే లోపల మెల్లగా తుప్పు పట్టి, వారాల తర్వాత కూడా అంటుకోవచ్చు. ఉప్పునీరైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. 2022లో ఇయాన్ తుఫాను తర్వాత ఫ్లోరిడాలో సముద్రపు నీటిలో మునిగిన విద్యుత్ కార్లు ఇలాగే మంటల్లో చిక్కుకున్నాయి. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చూడండి, అడుగున బురద చార ఉంటే దాచలేరు. తివాచీ కింద, ఫ్యూజు పెట్టె మూలల్లో సన్నని మట్టి పొర ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి. ధర ఎంత తక్కువ చెప్పినా సరే.

దెబ్బ ఎక్కడ తగిలిందన్నది కూడా చూడాలి. లీఫ్‌లో మోటారు ముందు, బ్యాటరీ నేల కింద ఉంటాయి. కాబట్టి వెనుక నుంచి గుద్దుకున్న కారు మనకు కావాలి. పక్క నుంచి తలుపుల మీద దెబ్బ తగిలితే బ్యాటరీ పెట్టె సొట్టపోయి ఉండవచ్చు, అలాంటిది వద్దు. అన్నింటికన్నా ముఖ్యమైనది, కారు ఆన్ అయి నడవడానికి సిద్ధమని తెరమీద చూపించాలి. అలా చూపించిందంటే వందల భాగాలు సరిగ్గా ఉన్నట్టు ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. విడిభాగాలు కొన్నప్పుడు ఆ భరోసా ఎవరూ ఇవ్వలేరు.

పూర్తి కారా, విడిభాగాలా?

నా జవాబు నిస్సంకోచంగా పూర్తి కారే. ఆధునిక విద్యుత్ కారులో మోటారు, ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చేది), చార్జర్, బ్యాటరీ కాపలా బోర్డు సెకనుకు ఎన్నోసార్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటాయి. ఆ సందేశం రాకపోతే ఇన్వర్టర్ కదలదు, చార్జర్ పలకదు. ఒకే కారు నుంచి అన్నీ తెచ్చుకుంటే ఆ సంభాషణను చెడగొట్టకుండా కాపాడుకోవచ్చు. తీగల కట్టను ఎక్కడా కోయకండి. ప్రతి కనెక్టర్‌కూ చీటీ కట్టి, విప్పే ముందు ఫోటో తీసి పెట్టుకోండి. మిగిలిన సీట్లు, తలుపులు, దీపాలు, చక్రాలు అమ్మితే ఖర్చులో కొంత భాగం వెనక్కి వస్తుంది కూడా.

విడిభాగాల దారి ఎంచుకునేవారికి ఓపెన్‌ఇన్వర్టర్ అనే ప్రాజెక్టు పెద్ద అండ. వేరువేరు కంపెనీల ఇన్వర్టర్ల లోపలి బోర్డు మార్చి మన మాట వినేలా చేయడం, లేదా జోంబీవర్టర్ అనే చిన్న పెట్టెతో అసలు ఇన్వర్టర్‌కు అది ఎదురుచూసే సందేశాలనే పంపి నడిపించడం, ఈ రెండు పద్ధతులనూ వాళ్లు అందరికీ తెరిచి ఇచ్చారు. ప్రపంచంలో ఏ మూల ఉన్నవారైనా ఆ పనిని చదివి, నేర్చుకుని, మెరుగుపరిచి తిరిగి ఇవ్వవచ్చు. ఇంత ఉదారంగా పంచిన జ్ఞానం ఈ రంగంలో మరెక్కడా నాకు కనిపించలేదు. ఎలక్ట్రానిక్స్ చదివిన తెలుగు విద్యార్థులు దీన్ని తప్పక చూడాలి. అయితే టంకం పెట్టడం, ప్రోగ్రాము ఎక్కించడం చేతకానివారికి ఇది సులువు దారి కాదు.

మోటార్లు

బ్యాటరీ తేలిపోయింది కాబట్టి ఈ భాగం త్వరగా ముగుస్తుంది.

ఫోర్క్‌లిఫ్ట్ నుంచి తీసిన బ్రష్ మోటారు అన్నిటికన్నా పాత దారి, అన్నిటికన్నా సులభంగా అర్థమయ్యేది. 48 నుంచి 144 వోల్టుల మధ్య పనిచేస్తుంది, మోటారుకు పోయే కరెంటును ఎక్కువ తక్కువ చేసే కంట్రోలర్‌కు సందేశాల గొడవ ఉండదు. బ్రష్‌లు అరుగుతాయి, బ్రేకు వేసినప్పుడు శక్తి తిరిగి బ్యాటరీలోకి రాదు. ఒక పెద్ద ప్రమాదం కూడా ఉంది. కంట్రోలర్ లోపల షార్ట్ అయితే మోటారుకు పూర్తి కరెంటు పోయి, బండి తనంతట తానే దూసుకుపోతుంది. చేతికందే దూరంలో కరెంటును తెంచే మీట లేకుండా దీన్ని ఎవరూ నడపకూడదు. చెరువు గట్టు మీద ఇరవై కిలోమీటర్ల వేగంతో తిరిగే బండికి మాత్రమే నేను దీన్ని సూచిస్తాను.

లీఫ్ తొలి తరం మోటారు 80 కిలోవాట్లది. 2013 తర్వాతి నమూనాల్లో చార్జర్, ఇన్వర్టర్, మోటారు ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే దిమ్మెగా ఉంటాయి. అంతకు ముందువాటిలో చార్జర్ కారు వెనుక భాగంలో విడిగా ఉండేది. చోటు ఇరుకైన కారుకు విడిగా ఉన్న పాతదే మేలు కావచ్చు, టేపు పెట్టి కొలిచి నిర్ణయించుకోండి.

టెస్లా పెద్ద డ్రైవ్ యూనిట్ అమిత శక్తి గలది, మోటారు, ఇన్వర్టర్, గేర్లు, డిఫరెన్షియల్ అన్నీ ఒకే దిమ్మెలో వస్తాయి. పాత కార్ల బ్రేకులు, యాక్సిళ్లు ఆ బలానికి తయారైనవి కావు. అందులో బాగా తెలిసిన లోపం కూడా ఉంది. రోటర్‌ను (మోటారులో తిరిగే భాగాన్ని) చల్లబరిచే ద్రవం సీలు దాటి లోపలికి కారుతుంది. కొనేముందు వేగాన్ని కొలిచే సెన్సరు విప్పి అక్కడ తడి ఉందేమో చూడాలి. తడి ఉంటే బేరం వదిలేయాలి.

వెనుక చక్రాలతో నడిచే పాత కార్లకు లెక్సస్ జీఎస్450హెచ్ హైబ్రిడ్ గేర్‌బాక్స్ అద్భుతంగా అమరుతుంది. పొడవుగా ఉండి లోపలే రెండు మోటార్లు ఉంటాయి, పాత గేర్‌బాక్స్ తీసిన సందులోనే కూర్చుంటుంది. దాన్ని టొయోటా ప్రియస్ ఇన్వర్టర్‌తో కూడా నడుపుతున్నారు. టొయోటా హైబ్రిడ్ భాగాలు గట్టివి, చవక. నూనె తిప్పే పంపును వేరుగా నడపాల్సి ఉంటుందని మరిచిపోకండి. అవుట్‌ల్యాండర్ వెనుక మోటారు 60 కిలోవాట్లది, చిన్న కారుకు చాలినంత శక్తి, సరసమైన ధర.

మోటారును పాత గేర్‌బాక్స్‌కే కలపాలా, లేక దాని సొంత గేర్లతో సహా చక్రాలకు కలపాలా అన్నది మరో నిర్ణయం. మొదటి పద్ధతికి మోటారుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య అడాప్టర్ పలక, షాఫ్టులను కలిపే కప్లర్ తయారు చేయించాలి. రెండు షాఫ్టుల మధ్య రేఖల్లో మిల్లీమీటరులో పదో వంతు తేడా ఉన్నా బేరింగులు త్వరగా పోతాయి. ఈ పనికి లేత్ మీద చేయి తిరిగినవారు కావాలి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో అలాంటి చేతులు తరతరాలుగా ఉన్నాయి. గీసిన బొమ్మ సరిగ్గా ఇస్తే వాళ్ల పనిలో వంక పెట్టలేరు. పాత కారు తన గేర్‌మీటతో, తన నడకతో మిగలాలనుకునేవారికి ఈ పద్ధతి నచ్చుతుంది. నా కరోలాకు నేను ఇదే ఎంచుకున్నాను.

ఏ కారును మార్చాలి అన్నదానికి ఒక్క మాట: తేలికైనది, తుప్పు లేనిది. మారుతి 800 బరువు 650 కిలోల దగ్గర ఉంటుంది, దానికి లీఫ్ బ్యాటరీ మొత్తం ఎక్కిస్తే బ్రేకులకు అన్యాయం చేసినట్టే. అంబాసిడర్, పద్మిని, జిప్సీ వెనుక చక్రాలకు పొడవాటి షాఫ్టుతో శక్తి పంపేవి కాబట్టి మధ్యలో చోటు దొరుకుతుంది. విదేశాల్లో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను ఎక్కువమంది ఎంచుకోవడానికి కారణం తేలిక బరువు, సాదా నిర్మాణం. ఏ కారైనా తయారీదారు చెప్పిన గరిష్ఠ బరువు దాటకూడదు. పని అయ్యాక ముందు, వెనుక చక్రాల బరువును కాటా మీద విడివిడిగా తూయించాలి.

చిన్నవిగా కనిపించేవి

ఇంజన్ పోతే దానితోపాటు బ్రేకుకు బలమిచ్చే శూన్యపీడనం, స్టీరింగ్ పంపు, ఏసీ కంప్రెసర్, 12 వోల్టుల చార్జింగ్ అన్నీ పోతాయి. డబ్బు లెక్కలో ఇవన్నీ వేసుకోనివారి కారు సగంలో ఆగిపోతుంది. బ్రేకుకు బాష్ ఐబూస్టర్ అనే భాగాన్ని ఇప్పుడు చాలామంది వాడుతున్నారు, కొన్ని టెస్లా, హోండా కార్లలో ఉండేది. మన ఎండలకు ఏసీ తప్పదు. లీఫ్ లేదా ప్రియస్ కంప్రెసర్ నేరుగా పెద్ద బ్యాటరీతోనే నడుస్తుంది. దానిలో పోసే నూనె విషయంలో జాగ్రత్త. మామూలు కార్ల ఏసీ నూనె పోస్తే కరెంటు లీకై కారు ఆగిపోతుంది, పాలీయోలెస్టర్ రకమే పోయాలి. పూర్తి కారు కొన్నవారికి ఈ కంప్రెసర్, 12 వోల్టుల కన్వర్టర్, చార్జర్ అన్నీ చేతిలోనే ఉంటాయి.

ఇక ప్రాణం సంగతి. ఇంటి కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాను తాకుతుంది, అందుకే తీగ విడిపోయినప్పుడు పుట్టే మెరుపు తెగిపోతుంది. బ్యాటరీ కరెంటుకు ఆ సున్నా లేదు. 360 వోల్టుల దగ్గర ఒకసారి మెరుపు మొదలైతే లోహాన్ని కరిగిస్తూ సాగిపోతుంది. ఇంటి ఫ్యూజులు, ఇంటి స్విచ్చులు ఇక్కడ పనికిరావు. డైరెక్ట్ కరెంటుకు, ఆ వోల్టేజికి తయారైన ఫ్యూజులే వేయాలి. వెయ్యి వోల్టులు తట్టుకునే రబ్బరు చేతి తొడుగులు లేకుండా పెట్టె మూత తెరవకూడదు, ఉంగరాలు, గొలుసులు, చేతి గడియారం తీసేయాలి. బ్యాటరీ మధ్య ప్లగ్ లాగేశాక కూడా ఇన్వర్టర్‌లోని విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్లు ఖాళీ కావడానికి పది నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచి, ఆ తర్వాతే చేయి పెట్టాలి. కారును ఆన్ చేసినప్పుడు ఆ కెపాసిటర్లను రెసిస్టర్ ద్వారా మెల్లగా నింపే ఏర్పాటు తప్పనిసరి. అది లేకుండా కాంటాక్టర్‌ను, అంటే బ్యాటరీని కలిపే పెద్ద స్విచ్చును, మూస్తే లోపలి రాగి బిళ్లలు అతుక్కుపోతాయి, మళ్లీ ఆపాలన్నా ఆగదు. ఒంటరిగా ఈ పని చేయకండి. పక్కన ఇంకొక మనిషి ఉండాలి.

ఎవరికి ఏది?

విదేశంలో ఉండి, మొదటిసారి చేస్తూ, ఊళ్లో తిరగడానికి కారు కావాలనుకునేవారికి: వెనుక దెబ్బతిన్న, నడుస్తున్న పూర్తి లీఫ్. వేడి రాష్ట్రంలో, అంటే టెక్సస్, అరిజోనా వైపు ఉన్నవారికి: వోల్ట్ బ్యాటరీ, దానికి లీఫ్ మోటారు. అయితే రెండు కార్ల భాగాలను కలపాలి కాబట్టి జోంబీవర్టర్ పని నేర్చుకోవాలి. వెనుక చక్రాల పాత బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ వంటివి ఉన్నవారికి లెక్సస్ గేర్‌బాక్స్. రోజూ రెండు వందల కిలోమీటర్లు పోవాలనేవారికి టెస్లా మాడ్యూళ్లు ఉన్నాయి గానీ, వాళ్లు కంపెనీ నుంచి వచ్చిన విద్యుత్ కారు కొనుక్కోవడమే మంచిదని నేను చెబుతాను. మన దగ్గర తోటకు, చెరువుకు, కళాశాలకు: వరదలో మునగని నెక్సాన్ కారు పూర్తిగా. అది దొరక్కపోతే, వేగం అక్కరలేని చోట ఫోర్క్‌లిఫ్ట్ మోటారు.

కొనే రోజు వెంట తీసుకెళ్లాల్సినవి చెప్పి ముగిస్తాను. లీఫ్ అయితే ఫోనులో లీఫ్‌స్పై యాప్, కారుకు తగిలించే చిన్న డాంగిల్. డాష్‌బోర్డు మీద బ్యాటరీ సామర్థ్యం చూపే పన్నెండు గీతలను మాత్రమే నమ్మకండి, మొదటి గీత పోయేసరికే 15 శాతం సామర్థ్యం తగ్గి ఉంటుంది. యాప్‌లో 96 సెల్ జతల వోల్టేజీలూ విడివిడిగా కనిపిస్తాయి. వీలైతే కారును కొద్ది దూరం నడిపించి, బ్యాటరీ మీద భారం పడినప్పుడు ఆ అంకెలు చూడండి. అన్నీ కలిసి దిగితే మంచిదే, ఒక్క జత మిగతావాటికన్నా 0.1 వోల్టు కిందికి జారితే ధర తగ్గించమనండి, ఇంకా జారితే వదిలేయండి. ఎలక్ట్రీషియన్లు వాడే మెగ్గర్ (కరెంటు ఎక్కడైనా లీకవుతోందేమో కొలిచే మీటరు) ఒకటి అరువు తెచ్చుకోండి. బ్యాటరీకీ కారు లోహానికీ మధ్య వోల్టుకు కనీసం 500 ఓములు, అంటే 360 వోల్టులకు 1.8 లక్షల ఓములు ఉండాలి. ఆరోగ్యంగా ఉన్నదైతే అంతకు ఎన్నో రెట్లు చూపిస్తుంది. ఆ కొలత తీయడం తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. టార్చిలైటు, రబ్బరు తొడుగులు, కొలిచే టేపు, చీటీలు రాసుకోవడానికి చెరగని ఇంకు పెన్ను. డబ్బు మాత్రం ఆ కొలతలన్నీ కాగితం మీద రాసుకున్నాకే బయటికి తీయండి.